అరువు టైర్లు

ఎజ్రా కారుకి ఎఫ్‌సీ గడువు ఆ శుక్రవారంతో తీరిపోతుంది. పసుపు బోర్డు బండికి ఏటా తప్పని తంతు అది. బాపట్ల తీసుకెళ్ళి బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టి, బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఆయన చేత అనిపించుకోవాలి. లేకపోతే రేపల్లె రైల్వేస్టేషన్ ముందు స్టాండులో కూర్చుని ఈగలు తోలుకోవడమే.

వారం నుంచీ అదే పని మీదున్నాడు. హ్యాండ్ బ్రేకు బిగించాడు. ఎడమపక్క ఇండికేటరు ఒకసారి వెలిగితే రెండుసార్లు అలిగేది, దాని వైరు మార్చాడు. వెనక బంపరుకి ఎర్ర రేడియం స్టిక్కర్లు అంటించాడు. మిషన్ స్కూల్లో టీచరుగా చేసే అతని భార్య బ్లెస్సీ ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో దూదీ, టించరూ కొత్తవి సర్ది పెట్టింది. మిగిలిందల్లా ముందు టైర్లు. రెండూ అరిగి నున్నగా గుండైపోయాయి. వాటితో వెళ్తే ఇన్‌స్పెక్టరు బండి దిగమని కూడా అనడు, అటునుంచటే పొమ్మంటాడు.

స్టాండులో ఇలాంటప్పుడు అందరూ చేసేదొకటుంది. మంచి టైర్లున్న వాడి దగ్గర ఒక్కరోజుకి అరువు తెచ్చుకుని బిగించుకుంటారు. పని కాగానే ఎవరివి వాళ్ళకి. అది తప్పని తెలియనివాడు లేడు, చెయ్యనివాడూ లేడు.

గురువారం పొద్దున్నే ఎజ్రా వెంకట్‌కి ఫోన్ చేశాడు. వెంకట్‌ది నిజాంపట్నం రేవు. తండ్రీ అన్నలూ సముద్రం మీదకి వేటకెళ్తారు. పడవెక్కితే వాంతులయ్యే వెంకట్‌ని వాళ్ళు లెక్కచెయ్యడం మానేస్తే, రేపల్లె తీసుకొచ్చి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఎజ్రాయే. ఇప్పుడు వాడు తెనాలిలో మల్లికార్జునరావు అనే మిల్లు ఓనరు దగ్గర డ్రైవరు. ఆ కారూ, ఎజ్రా కారూ ఒకే రకం. దానికి టైర్లు మొన్ననే వేయించారు.

"దానికేం భాగ్యం అన్నా, తీసుకుపో. మా సారూ వాళ్ళూ తిరుపతి వెళ్ళారు. ఎల్లుండి గానీ రారు. రేపు సాయంత్రానికి తెచ్చెయ్యి చాలు" అన్నాడు వెంకట్.

"ఓనరుకి ఒక మాట చెప్పరా."

"చెప్తే ఇస్తాడా ఏంటి? నువ్వు రా అన్నా. కారు గేటు బయటే ఉంటది. జాకీ ఎక్కించి మొదలుపెడుతుండు, నేను అన్నం తినేసి వచ్చేస్తా."

మిట్టమధ్యాహ్నానికి ఎజ్రా తెనాలి చేరాడు. మల్లికార్జునరావు ఇల్లున్న సందులో అన్నీ మేడలే. ఎండకి నరపురుగు లేదు. కారు గేటు పక్కన గోడ నీడలో ఉంది. ఎజ్రా తన బండి దాని వెనకే ఆపి, జాకీ దించి, వీల్ స్పానరుతో నట్లు వదులు చేశాడు. జాకీ ఎక్కించి ఒక చక్రం ఊడదీసి పక్కన పడుకోబెట్టాడు. తన బండి వైపు వెళ్దామని లేస్తుంటే ఎవరో పిలిచారు.

"ఏంటయ్యా చేస్తున్నావ్?"

ఎదురింటి వరండాలోంచి ముసలాయన దిగొస్తున్నాడు. బనీనూ లుంగీ, చేతిలో పేపరు. పేరు బ్రహ్మయ్యని తర్వాత తెలిసింది.

"చక్రాలు మారుస్తున్నానండి. నాకు రేపు ఎఫ్‌సీ ఉంది. వెంకట్ మార్చుకోమన్నాడు, వీళ్ళ డ్రైవరు."

"ఇంట్లో ఎవరూ లేరుగా."

"అవునండి. వెంకట్ వస్తున్నాడు. ఇప్పుడే వస్తాడు."

బ్రహ్మయ్య ఊడదీసిన చక్రం వైపు చూశాడు. పసుపు బోర్డు కారు వైపు చూశాడు. తర్వాత తలెత్తి పక్క మేడ వైపు "దీపక్" అని కేకేశాడు.

ఆ సందులో కిందటి నెల రెండు కార్లకి బ్యాటరీలు పోయాయి. అది ఎజ్రాకి తెలియదు. మేడ మీంచి దిగొచ్చిన కుర్రాడు కండలు తిరిగి ఉన్నాడు. చేతుల్లేని బనీను వేసుకున్నాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు. చూస్తుండగానే ఆ సందులో ఇంతమంది ఉన్నారా అన్నట్టు గేట్లు తెరుచుకున్నాయి.

"వెంకట్‌కి ఫోన్ చేస్తానుండండి" అన్నాడు ఎజ్రా. చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

"లైసెన్సు చూపించు" అన్నాడు దీపక్.

తీసిచ్చాడు. పెళ్ళికి ముందు తీసుకున్న లైసెన్సు అది. అందులో అడ్రసు మార్పించుకోవాలని ఏడాదికోసారి అనుకుంటూనే ఉన్నాడు.

దీపక్ దాన్ని దగ్గరగా పెట్టుకుని పైకి చదివాడు. "స్టూవర్టుపురం."

ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం ఎజ్రాకి చిన్నప్పటి నుంచీ పరిచయమే. బళ్ళో ఎవరి పెన్ను పోయినా మొదట తెరిచేది తన సంచే. దొంగల ఊరని ముద్ర పడ్డ ఆ ఊరి మగవాళ్ళు తాత కాలంలో పోలీసులకి పొద్దునా సాయంత్రం హాజరు పలికేవాళ్ళు. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి, ఏ మచ్చా లేకుండా రిటైరయ్యాడు. ఎజ్రా ఇరవై ఏళ్ళుగా స్టీరింగ్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. అవన్నీ చెప్పాలని నోరు తెరిచాడు. "మా నాన్న" అన్నంత వరకే వచ్చింది.

మొదటి దెబ్బ బ్రహ్మయ్య కొట్టాడు. కాలి చెప్పు తీసి చెంప మీద కొట్టాడు. అంత పెద్దాయన కొడతాడని ఎజ్రా అనుకోలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోను కూడా లేదు.

అది చాలు మిగతావాళ్ళకి. ఎవడో వెనకనుంచి నడ్డి మీద తన్నాడు. ఎజ్రా బోర్లా పడ్డాడు. పళ్ళు రోడ్డుకి తగిలి నోట్లో ఉప్పగా అయింది. దీపక్ అతని జుట్టు పట్టి లేపి, పొట్టలో మోకాలితో పొడిచాడు. ఊపిరి బయటికి పోయింది గానీ లోపలికి రాలేదు. "బ్యాటరీలు ఎక్కడ అమ్మావురా?" అని ఎవరో అడుగుతున్నారు. "ఏ బ్యాటరీలండి?" అంటే దానికింకో దెబ్బ. ఒకామె మేడ మీంచి "కళ్ళ మీద కొట్టకండి" అని అరిచింది. ఇంకొకడు ఫోన్ ఎత్తిపట్టి తీస్తున్నాడు. ఎజ్రా ముడుచుకుపోయి, తలని రెండు చేతుల మధ్య దాచుకుని, వెంకట్ వస్తాడు, వెంకట్ వస్తాడు అని లోపల అనుకుంటూనే ఉన్నాడు.

వెంకట్ వచ్చాడు. బైకు సందు మొదట్లోనే ఆపి, కాలు కింద పెట్టి చూశాడు.

"ఇలా రారా" అన్నాడు బ్రహ్మయ్య. "వీడు నీకు తెలుసా?"

వెంకట్ బైకు దిగలేదు. వాడి మొహంలో రంగు లేదు. ఎజ్రా తలెత్తి వాణ్ణి చూశాడు. ఒక కన్ను అప్పటికే మూసుకుపోతోంది.

"రేపల్లె స్టాండులో చూశానండి" అన్నాడు వెంకట్.

"చక్రాలు తీసుకుపొమ్మని నువ్వు చెప్పావంటున్నాడు."

ఓనరు మనిషెలాంటివాడో వెంకట్‌కి తెలుసు. డీజిలు కాస్త ఎక్కువ కాలిందని పాత డ్రైవర్ని రోడ్డు మీదే దింపేసినవాడు.

"నేనెందుకు చెప్తానండి" అన్నాడు వెంకట్.

ఎజ్రా ఎత్తిన తల దించుకున్నాడు. అతని ఒంట్లో అంతవరకూ బిగపట్టుకుని ఉన్నదేదో వదిలేసినట్టయింది.

"చూశారా" అన్నాడు దీపక్ అందరితో. ఎజ్రా కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని ఈడ్చుకెళ్ళాడు. చక్రం తీసేసిన చోట ఇనప హబ్బు జానెడెత్తున వేలాడుతోంది. దాని కింద రాయి ఒకటి పెట్టి, రాయి మీద ఎజ్రా చెయ్యి పెట్టి నొక్కాడు. ఇద్దరు వీపు మీద కూర్చున్నారు.

"ఈ చేత్తోనే కదా తీసింది. బ్యాటరీలు ఎక్కడున్నాయో చెప్పు. ఒక్కో చుట్టే దించుతా."

"నాకు తెలీదు బాబూ. దేవుడి మీద ప్రమాణం. నాకు తెలీదు."

దీపక్ జాకీ కడ్డీ తిప్పాడు. బెదిరించడానికే తిప్పి ఉంటాడు. కానీ అరిగిన జాకీ అది, ఎజ్రాదే. ఒక చుట్టు అనుకున్నది మూడు చుట్లు జారింది. హబ్బు వచ్చి రెండు వేళ్ళ మీద కూర్చుంది.

ఎజ్రా వేసిన కేక మెయిన్ రోడ్డు దాకా వినిపించిందని తర్వాత చెప్పుకున్నారు. వీపు మీద కూర్చున్నవాళ్ళు లేచి అవతలికి గెంతారు. "ఎత్తరా, ఎత్తరా" అని బ్రహ్మయ్య అరిచాడు. దీపక్‌కి చేతులాడలేదు. కడ్డీ అటు తిప్పాలో ఇటు తిప్పాలో తెలియక ఇంకోసారి కిందికే తిప్పి, తర్వాత పైకి తిప్పాడు.

చెయ్యి బయటికొచ్చింది. ఉంగరం వేలూ చిటికెన వేలూ ఆకుల్లా ఉన్నాయి. ఎజ్రా వాటిని చూశాడు. ఎడమచేతికి అందేంత దూరంలో స్పానరు ఉంది.

దీపక్ ఇంకా జాకీ దగ్గరే వంగి ఉన్నాడు. ఎజ్రా మోకాళ్ళ మీద లేచి, తలమీదే గురిచూసి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. ఎడమచేతి వాటం లేదు కాబట్టి తల తప్పి భుజం మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. దీపక్ అరవలేదు. నోరు తెరుచుకుని అలాగే కూలబడ్డాడు. ఎజ్రా రెండోసారి ఎత్తాడు. అది చెయ్యి అడ్డం పెట్టిన కుర్రాడి మోచేతికి తగిలింది. మూడోసారి ఎత్తేసరికి చుట్టూ ఎవరూ లేరు. అందరూ గోడలకి అంటుకుపోయారు. ఫోన్‌తో తీస్తున్నవాడు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

ఎజ్రా వాళ్ళ వైపు చూడలేదు. వెంకట్ బైకు తిప్పుకుంటున్నాడు.

పరుగెత్తాడు. పరుగంటే పరుగు కాదు, ఒక కాలు ఈడ్చుకుంటూ. బైకు స్టార్టయ్యేలోపు అందుకున్నాడు. మొదటి దెబ్బకి హెడ్‌లైటు పగిలింది. రెండో దెబ్బ ట్యాంకు మీద. వెంకట్ బైకుతో సహా పక్కకి పడి, కాలు కింద ఇరుక్కుని, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎజ్రా వాడి ఛాతీ మీద మోకాలు పెట్టాడు. నోట్లోంచి రక్తం కారి వాడి చొక్కా మీద పడుతోంది.

"చెప్పు" అన్నాడు.

"అన్నా, కొట్టకన్నా."

"వాళ్ళకి చెప్పు."

స్పానరు పైకి లేచింది. దాన్ని ఆపడం తన చేతిలో లేదని ఎజ్రాకి ఆ క్షణాన తెలుస్తూనే ఉంది.

"నేనే ఇచ్చా" అని అరిచాడు వెంకట్. ఏడుస్తూ, తల తిప్పి సందులోకి అరిచాడు. "నేనే తీసుకుపొమ్మన్నా. సారుకి తెలీకుండా నేనే ఇచ్చా. ఆయన దొంగ కాదండి. నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే."

స్పానరు వెంకట్ చెవి పక్కన తారు మీద పడింది. ఎజ్రా వాడి మీంచి దిగి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత జరిగింది అతనికి అన్నిటికన్నా బాగా గుర్తుంది. ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. గేట్లు ఒకటొకటే మూసుకున్నాయి. మేడ మీది ఆమె ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి పోయింది. తప్పయిందని గానీ, మంచినీళ్ళు కావాలా అని గానీ ఒక్కళ్ళూ అడగలేదు. బ్రహ్మయ్య మాత్రం దూరం నుంచి, "ఆ మాటేదో ముందే చెప్పుంటే సరిపోయేది కదయ్యా" అన్నాడు. ఎజ్రా మొదట చెప్పింది ఆ మాటే.

పోలీసు జీపు వచ్చేసరికి అక్కడ ఉన్నది భుజం విరిగిన దీపక్, వాడి స్నేహితుడు, గోడకి ఆనుకున్న ఎజ్రా. పోలీసులు ముందు పట్టుకుంది ఎజ్రానే.

సాయంత్రం రేపల్లె ప్యాసింజరులో బ్లెస్సీ తెనాలి ఆసుపత్రికొచ్చింది. అప్పటికే చిటికెన వేలు తీసేశారు. ఉంగరం వేలు ఉంది గానీ వంగదన్నారు. ఆమె కట్టు వైపు చూసింది. మంచం పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ని చూసింది. "మా ఆయన ఎక్కడికీ పారిపోడండి, మీరు కూర్చోండి" అని అతనికి స్టూలు చూపించింది. వెంకట్ స్టేషన్లో అదే మాట మళ్ళీ చెప్పాడని, ఆ రాత్రికే ఓనరు వాణ్ణి మానిపించేశాడని మర్నాడు తెలిసింది. కేసులు రెండు రాశారు. ఎజ్రాని కొట్టినందుకు వాళ్ళ మీదొకటి, దీపక్ భుజం విరగ్గొట్టినందుకు ఎజ్రా మీదొకటి. ఎజ్రాకి బెయిలు వచ్చేసరికి ఎఫ్‌సీ గడువు దాటిపోయింది.

చెయ్యి మానడానికి రెండు నెలలు పట్టింది. మనిషికి ఇంకా టైము పట్టేట్టే ఉంది. ఎవరైనా వెనక నడుస్తుంటే ఆగి, వాళ్ళు దాటిపోయేదాకా నిలబడేవాడు. బండి తిప్పే వీల్లేకపోయినా స్టాండుకి పోయి కూర్చునేవాడు. ఒకరోజు పెద్దాయనొకడు వెనకనుంచి భుజం తట్టి, "పెనుమూడి వస్తావా బాబూ" అని అడగబోయాడు. మాట పూర్తి కాలేదు. ఎజ్రా తిరిగి ఆయన గొంతు పట్టుకుని పక్కనున్న కారు తలుపుకి అదిమేశాడు. స్టాండువాళ్ళు నలుగురు పడితే గానీ చెయ్యి ఊడిరాలేదు. ఆయన దగ్గుతూ కళ్ళజోడు వెతుక్కుంటుంటే, ఎజ్రాయే వంగి తీసి ఇవ్వబోయాడు. ఆయన భయపడి వెనక్కి జరిగాడు.

ఆ రోజు ఇంటికొచ్చి బ్లెస్సీతో చెప్పాడు. "నేను కూడా వాళ్ళలాగే అయిపోయాను" అన్నాడు.

"వాళ్ళు ఇంటికెళ్ళి ఇలా చెప్పుకున్నారంటారా?" అంది ఆమె.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గేటు ముందు వెంకట్ ఉన్నాడు. ఎండకి నల్లబడ్డాడు. అన్నల పడవ మీద వేటకెళ్తున్నాడట. "కోర్టులో చెప్తా అన్నా. ఎవరు ఏమన్నా చెప్తా" అన్నాడు. ఎజ్రా వాణ్ణి లోపలికి పిలవలేదు. వాయిదా తారీకు చెప్పి తలుపు వేసుకున్నాడు.

బ్లెస్సీ కొత్త టైర్లు నాలుగూ ఒకేసారి వేయించింది. స్కూలుకి సెలవు పెట్టి బాపట్లకి తనూ బయల్దేరింది. చెరుకుపల్లి మీదుగా వెళ్ళారు. దారిలో ఎజ్రా నాలుగైదుసార్లు అద్దంలో వెనక్కి చూశాడు.

ట్రాకు దగ్గర బళ్ళు వరసలో ఉన్నాయి. వీళ్ళ వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఇన్‌స్పెక్టరు చిన్నవయసువాడు, మర్యాదగా మాట్లాడాడు. లైట్లు వెయ్యమన్నాడు, వైపరు ఆడించమన్నాడు. పర్వాలేదన్నట్టు తలూపాడు. ఎజ్రా బయట నిలబడి డిక్కీ తెరిచి స్టెప్నీ చూపిస్తున్నాడు. పక్కనే జాకీ, స్పానరు. ఇన్‌స్పెక్టరు అతని వెనకగా నడిచి వచ్చి, టైరులో గాలి చూడ్డానికి బూటుకాలితో ఒక్క తన్ను తన్నాడు.

ఆ చప్పుడుకి ఎజ్రా ఎడమచెయ్యి స్పానరు మీద పడింది. పట్టు బిగిసింది. ఇన్‌స్పెక్టరు వంగి టైరు గాడులు చూసుకుంటున్నాడు. మెడ వెనక భాగం, తెల్ల కాలరు, దానికి పైన కత్తిరించిన జుట్టు. అంత దగ్గరలో ఉన్నాయి.

బ్లెస్సీ వచ్చి ఎజ్రా మణికట్టు మీద చెయ్యి వేసింది. గట్టిగా పట్టుకోలేదు. "ఏవండీ, సారు హారను కొట్టి చూపించమంటున్నారు" అంది మామూలు గొంతుతో.

ఇన్‌స్పెక్టరు అలా అనలేదు. ఎజ్రా వేళ్ళు ఒకటొకటే వదిలాయి. వెళ్ళి సీట్లో కూర్చుని హారను మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. అలా నొక్కుతూనే ఉన్నాడు. వరసలో డ్రైవర్లు తలలు బయట పెట్టి చూశారు. "చాలండి, చాలు" అన్నాడు ఇన్‌స్పెక్టరు నవ్వుతూ.

బండి పాసయింది.

బయటికొచ్చి టీ తాగుతుంటే ఫోన్ మోగింది. బ్రహ్మయ్య. నంబరు ఎవరిచ్చారో తెలియదు.

"ఎజ్రా గారూ, బాగున్నారా? ఏం లేదు, మా దీపక్‌కి ఉద్యోగం వచ్చేట్టుంది. కేసుంటే వాడి బతుకు పాడైపోతుందండి. మీ మీదున్నదీ దీపక్ వాళ్ళు తీసేసుకుంటారు. ఏదో పొరపాటున జరిగిందని ఇద్దరూ ఒప్పేసుకుంటే అయిపోద్ది. మీరూ పిల్లాపాపలున్నవాళ్ళు కదా."

ఎజ్రా టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నాది పొరపాటు కాదండి" అన్నాడు. "చంపేద్దామనే కొట్టా. తల తప్పి భుజం మీద పడింది. జడ్జిగారు అడిగితే అలాగే చెప్తా. మీరు నన్ను చెప్పుతో ఎందుకు కొట్టారో మీరూ ఆయనకి చెప్పండి. వాయిదాకి రండి."

అవతల ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. ఎజ్రా ఫోన్ కట్ చేశాడు.

బ్లెస్సీ ఇదంతా విన్నది. కారు ఊరు దాటి పొలాల మధ్యకి వచ్చింది.

"అలా చెప్తే జైలు వేస్తారేమో" అంది.

"వెయ్యొచ్చు."

"అయినా చెప్తారా?"

"చెప్తా."

ఆమె గాలికి ఎగిరే కొంగు లాక్కుని ఒడిలో పెట్టుకుంది.

"అయితే ఆ రోజు నేనూ సెలవు పెడతా" అంది.

ఎదురుగా గడ్డి ట్రాక్టరొకటి రోడ్డంతా ఆక్రమించుకుని వస్తోంది. ఎజ్రా గేరు దించి, కుడిచేతి మూడు వేళ్ళతో స్టీరింగ్ తిప్పి, బండిని మార్జిన్లోకి తీసి, దానికి దారిచ్చాడు.